ఇంటిమనిషే పిలవాలి

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బస్వరాజ్ ఆటో తెచ్చి క్వార్టర్స్ గేటు ముందు ఆపాడు. ఆటో అతనిది కాదు, తమ్ముడిది. అతను ఫ్యాక్టరీలో ఫిట్టరు. హీట్ ట్రీట్‌మెంట్ సెక్షన్లో మురళీకృష్ణ చేతి కింద పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆ పూటకు సెలవు పెట్టి వచ్చాడు.

"సారును నడిమిట్ల కూసోబెడదాం అమ్మా. ఇటు దిక్కు మీరు, అటు దిక్కు దిండు," అన్నాడు.

దిండు కుడి చేతి కోసం. జూన్ నెలలో ఒక ఉదయం పళ్లు తోముకుంటూ మురళీకృష్ణ వాష్‌బేసిన్ దగ్గర కూలిపోయాడు. హైదరాబాదులో ఇరవై రోజులు ఉంచారు. మూతి వంకర సర్దుకుంది. కాలు చాలావరకు దారికొచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. అప్పటి నుంచి అది ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా ఆయన ఒళ్లో పడి ఉంటోంది.

సోమవారం ఫ్యాక్టరీ మెడికల్ బోర్డు ఉంది. ఆ చెయ్యి భుజం ఎత్తుకు లేస్తే ఉద్యోగం ఉంటుంది, లేవకపోతే ఇంటికి పంపేస్తారు. అయితే ఆయన భార్య కనకదుర్గను భయపెడుతున్నది ఉద్యోగం కాదు. పదిహేను రోజులుగా ఆయన మాట్లాడటం మానేశాడు. అన్నది ఒకే ఒక్క మాట, అదీ గోడవైపు తిరిగి పడుకుని: "సోమవారం దాకా చూస్తాను." ఆ తర్వాత ఏమిటో చెప్పలేదు. ఆ రాత్రే ఆమె నిద్రమాత్రల సీసా తీసి బియ్యం డబ్బా అడుగున దాచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బస్వరాజ్ ఉడుకుబుగ్గ సంగతి చెప్పాడు. మొగుడంపల్లి దాటి, కర్ణాటక హద్దు మీది గుట్టల్లోకి వెళితే, అక్కడ వేడినీళ్ల ఊట ఉందట. వాళ్లమ్మ అనంతమ్మే దాన్ని కనిపెట్టుకుని ఉంటుందట.

"దవాఖానల కానివి ఆడ అయినయి అమ్మా. అందరికి కాదు. కొందరికి," అన్నాడు.

అందరికీ అవుతాయని అతను చెప్పి ఉంటే ఆమె నమ్మేది కాదు. ఆ 'కొందరికి' అన్న మాట ఆమెకు నమ్మకం తెచ్చింది.

మొగుడంపల్లి దాటాక తారు రోడ్డు సన్నబడింది. అటూ ఇటూ కంది చేలు, వాటి వెనక ఎర్రమట్టి. ఒకచోట ఫోను మోగింది. చూస్తే కర్ణాటకకు స్వాగతం అన్న సందేశం. రెండు నిమిషాల తర్వాత మళ్లీ తెలంగాణకు స్వాగతం. ఆ తర్వాత సిగ్నలే లేదు. చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రరాయి గుట్టలు మొదలయ్యాయి. ఆటో ఆగిన చోట ఒకే ఒక్క రేకుల ఇల్లు, ముందు ఒక వేపచెట్టు, రెండు మేకలు.

అనంతమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. మురళీకృష్ణను పైనుంచి కిందదాకా చూసి, చచ్చుబడిన చేతిని సంతలో కూరగాయను చూసినట్టు రెండు వేళ్లతో నొక్కి చూసింది.

"సారు ఒక్కడే దిగాలె," అంది. "పొద్దు గుట్ట ఎనకకు పోయేదాక నీళ్లల్ల ఉండాలె. పొద్దు పోంగనే ఇంటిమనిషి పిలువాలె. పేరు పెట్టి, నోటినిండ, మూడుసార్లు. పిలిచినంకనే పైకి రావాలె."

"మీరే పిలవకూడదా?" అంది కనకదుర్గ.

"నాకు ఆయన ఏమైతడు? నేను పిలిస్తె ఎందుకొస్తడు?" ముసలామె నవ్వింది. "మా దిక్కు పెండ్లాం మొగని పేరు తియ్యదు బిడ్డా. సిగ్గు. అందుకనే ఆడిబిడ్డనో, చెల్లెనో ఎంట తోలుకొస్తరు. మీరు ఆంధ్రోళ్లు, సదువుకున్నోళ్లు. మీకేం ఫికర్."

కనకదుర్గ కూడా నవ్వింది.

రేపల్లె నుంచి కాపురానికి వచ్చి ఇరవై తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె భర్త పేరు ఒక్కసారి కూడా పలకలేదు. బ్యాంకు కాగితాల్లో రాసేది. ఆసుపత్రిలో పేషెంటు పేరు చెప్పమంటే ఫైలు తిప్పి చూపించేది. పెళ్లయిన మూడో రోజున అత్తగారు వంటింట్లో కూర్చోబెట్టి చెప్పిన మాట: మొగుడి పేరు పెళ్లాం నోట పలికితే ఆయువు తరుగుతుంది. అత్తగారు మాత్రం బతికినన్నాళ్లూ కొడుకును పూర్తి పేరుతోనే పిలిచింది. చివరి అక్షరాన్ని సాగదీసి, వీధి చివరి దాకా వినపడేట్టు పిలిచేది. ఆమె పోయి నాలుగేళ్లు. ఫ్యాక్టరీలో ఆయన ఎం.కె. సారు. బస్వరాజ్‌కు సారు. పూణేలో ఉన్న కూతురు ప్రత్యూషకు నాన్న. కనకదుర్గకు ఏమండీ. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడు లోకంలో ఎవరూ లేరు.

చదువుకున్నదానివి అనిపించుకున్నాక, నేను కూడా పలకలేనండీ అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. సమయానికి అదే వస్తుందిలే అనుకుంది.

*

ఉడుకుబుగ్గ ఇంటి వెనక లోయలాంటి పల్లంలో ఉంది. రాతిలో తొలిచిన ముప్పై మెట్లు దిగాలి. సగం దిగేసరికే వాసన తగిలింది. అప్పుడే గీసి ఆర్పిన అగ్గిపుల్ల వాసన. కింద రెండు మడుగులున్నాయి. ఎడమవైపు, మనిషెత్తు పైన, బండ సందులో ఉన్నది పై బుగ్గ. అందులో నీళ్లు కుతకుతలాడుతూ ఉంటాయి. గుడ్డలో కట్టి వేస్తే పావుగంటలో బియ్యం ఉడుకుతుందని, అందులో కాలు పెట్టినవాడు బతకడని బస్వరాజ్ చెప్పాడు. అక్కడి నుంచి జారిన నీళ్లు చల్లారుతూ వచ్చి కింది గుండంలో నిలుస్తాయి. స్నానం చేసేది అందులో. గుండానికీ మెట్లకూ మధ్య ఒక పెద్ద బండ అడ్డంగా ఉంది. దాని ఇవతల ఆడవాళ్లు కూర్చుంటారు.

బస్వరాజ్ ఆయన్ని నడుము పట్టుకుని దించి వచ్చాడు. "మెడ దాక ఉన్నయి నీళ్లు. కూసుండనీకె రాయి ఉన్నది. సారుకు మంచిగనే ఉన్నది," అని చెప్పి, తడిసిన ప్యాంటు పిండుకుంటూ పైకి వెళ్లిపోయాడు. అక్కడ ఇంటిమనిషి తప్ప ఇంకెవరూ ఉండకూడదట.

కనకదుర్గ బండకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో తువ్వాలు, పొడి లుంగీ, కాఫీ ఫ్లాస్కు. సమయం అయిదుంబావు. డిసెంబరు ఎండ ఎదుటి గుట్ట కొమ్ము మీద పసుపు గీతలా మిగిలింది. మొదట్లో ఆవిరి పలుచగా ఉంది. బండ పక్కనుంచి తొంగిచూస్తే ఆయన తల, మెడ కనిపించాయి. చలి పెరిగినకొద్దీ ఆవిరి చిక్కబడింది. ముందు గుండం అవతలి గట్టు మాసిపోయింది. తర్వాత ఆయన తల. ఆ తర్వాత నీళ్లు.

చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. పై బుగ్గ కుతకుత, సందులోంచి నీళ్లు జారే సన్నటి ధార, మధ్యమధ్య అడుగు నుంచి ఒక బుడగ తేలి పగిలిన చప్పుడు.

అయిదున్నరకు ఆయన మాట్లాడటం వినిపించింది.

మాటలు తెలియడం లేదు. గొంతు మాత్రం ఆయనదే. పక్కన కూర్చున్నవాడితో రైల్లో మాట్లాడినట్టు, తొందర లేకుండా. కాసేపు మాట్లాడి ఆగేవాడు. అవతలివాళ్లు చెప్పింది విన్నంతసేపు ఆగి, మళ్లీ అందుకునేవాడు. తనలో తాను మాట్లాడుకుంటున్నారేమో అనుకుంది. పదిహేను రోజుల తర్వాత నోరు విప్పారు, అదే చాలు అనుకుంది.

అప్పుడు ఆయన నవ్వాడు.

జూన్ నుంచి ఆమె ఆ నవ్వు వినలేదు. కళ్లు చెమర్చాయి. తువ్వాలు కొసతో తుడుచుకుంటూ ఉండగా ఇంకో సంగతి గమనించింది. నవ్వు ఒక్కటి కాదు. ఆయన ఆపాక కూడా ఎవరో కొంచెంసేపు నవ్వారు.

ఎండగీత పోయింది.

"పిలువు బిడ్డా," పైనుంచి అనంతమ్మ గొంతు. "పొద్దు పోయింది."

కనకదుర్గ లేచి నిలబడింది. నోరు తెరిచింది. పేరు నాలుక మీదికి వచ్చింది. మొదటి అక్షరం పెదవుల దగ్గర ఆగిపోయింది. పెదవులు కలుస్తున్నాయి, విడివడటం లేదు. ఆయువు తరుగుతుంది. ఇవాళ, ఇక్కడ, ఈ స్థితిలో ఉన్న మనిషికి...

"పిలువు, ఆల్సెం జేయకు."

"ఏమండీ," అంది కనకదుర్గ.

నీళ్ల చప్పుడు ఆగింది. పై బుగ్గ కుతకుత కూడా ఆగినట్టే అనిపించింది.

"ఏమండీ... ఇక చాలు. వచ్చేయండి."

"ఆఁ," అని జవాబు వచ్చింది. కుడివైపు నుంచి, ఆయన కూర్చున్న చోటి నుంచి.

ఆ వెంటనే ఇంకో "ఆఁ". ఎడమవైపు నుంచి. చాలా దగ్గరగా.

రెండూ ఆయన గొంతే.

కొండల్లో ప్రతిధ్వని ఉంటుంది కదా అనుకుంది. మూడోసారి కూడా "ఏమండీ" అంది. నీళ్లలోంచి ఎవరో లేచిన చప్పుడు. తడికాళ్లతో రాయి మీద అడుగులు. ఒకటి, రెండు, మూడు. కుంటుతున్న అడుగులు కావు. ఆవిరిలోంచి ఒక చెయ్యి ముందుకు చాచుకుని వచ్చింది, తువ్వాలు కోసం.

కుడి చెయ్యి.

ఆ తర్వాత మెట్లు ఎక్కింది, ఆటో ఎక్కింది ఆమెకు సరిగ్గా గుర్తులేదు. బస్వరాజ్ సంతోషం పట్టలేక ఆ చేతిని పట్టుకుని ఊపుతున్నాడు. మేకలు తాడు తెంపుకునేటంతగా లాగుతున్నాయి. అనంతమ్మ మాత్రం ఆమె దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"పేరు పెట్టే పిలిచినవు గద?"

"పిలిచాను," అంది కనకదుర్గ.

ఆటో మలుపు తిరుగుతుండగా పల్లంలోంచి సన్నగా మరో "ఆఁ" వినిపించింది. ఆలస్యంగా మేలుకున్నవాడు పలికినట్టు. బస్వరాజ్ ఇంజను చప్పుడులో వినలేదు.

*

మనిషి చాలా మారాడు. మంచికే మారాడు. అదే ఆమెకు చెప్పుకోవడానికి కుదరని బాధ అయింది.

చొక్కా గుండీలు తానే పెట్టుకున్నాడు. పెట్టిందల్లా తిన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లలో 'ఏమే' తప్ప ఇంకో పిలుపు ఎరగనివాడు 'దుర్గా' అన్నాడు. కాఫీ బాగుంది అన్నాడు. పొద్దున లేచి ఆయన స్నానానికి వెళ్లిన అరగంట తర్వాత దుప్పటి మడతపెట్టబోతే, పరుపు ఇంకా వేడిగా ఉంది. గదిలో గీసి ఆర్పిన అగ్గిపుల్ల వాసన. ఊట నీళ్ల వాసన ఒంటికి పట్టిందనుకుని కిటికీ తెరిచింది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఆయన పేపరు చదువుతూ ఉండగా, పై వాటాలో ఉండే శోభారాణి తన భర్తను పిలిచింది. "ఏమండీ, పాలు పొంగుతున్నయి, జర చూడుండ్రి."

మురళీకృష్ణ పేపరు మడిచాడు. "ఆఁ, వస్తున్నా," అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసుకుని మెట్లెక్కి పోయాడు.

శోభారాణి భర్త సదాశివ ఆయన్ని దించి తీసుకొచ్చి నవ్వాడు. "అంకుల్ మా ఇంట్ల స్టవ్ బంద్ జేసి నిలబడ్డరు ఆంటీ. చెయ్యి వచ్చిన సంబురంల మీ ఇల్లు, మా ఇల్లు మర్చిపోయిన్రు."

కనకదుర్గ కూడా నవ్వింది.

ఆదివారం కూరగాయలకు బజారుకు తీసుకెళ్లింది. ఉల్లిపాయల బండి దగ్గర ఒకామె "ఏమండీ, కొంచెం జరగండి," అంది, దారికి అడ్డంగా నిలబడిన ఎవరితోనో. కనకదుర్గ చిల్లర తీసుకుని తిరిగి చూస్తే ఆయన లేడు. వెతగ్గా వెతగ్గా బస్టాండులో దొరికాడు. ఆ పరాయి ఆడమనిషి వెనకే నిలబడి ఉన్నాడు. ఆమె సంచీ ఆయన చేతిలో ఉంది. ఆమె భయంతో ఏడుపు మొహం పెట్టుకుని ఉంది.

"ఎందుకెళ్లారు ఆవిడ వెనకాల?" అంది కనకదుర్గ, ఆటోలో.

"పిలిచింది కదా," అన్నాడు మెత్తగా.

సోమవారం బోర్డు గది బయట తొమ్మిది మంది కూర్చున్నారు. అటెండరు తలుపు దగ్గర నిలబడి కాగితం చూసి పిలిచాడు. "మురళీకృష్ణ గారు."

ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"మురళీకృష్ణ గారు ఎవరండి?"

కదల్లేదు. పక్కవాళ్లు చూశారు. అటెండరు మూడోసారి గట్టిగా పిలిచాడు. ఆ పేరు ఆ వరండాలో ఎవరికీ చెందనట్టు అలా పోయింది. కనకదుర్గ ఆయన వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అంది. "ఏమండీ."

"ఆఁ," అని లేచాడు.

లోపల ఆయన కుడి చెయ్యి భుజం ఎత్తుకు కాదు, చెవి దాటి పైకి లేచింది. డాక్టరు ఆశ్చర్యపోయి రెండుసార్లు ఎత్తించాడు. తర్వాత మామూలుగా అడిగేవి అడిగాడు. ఈ రోజు ఏ వారం. సోమవారం. ఈ ఊరేది. జహీరాబాద్. మీ పేరు.

ఆయన కనకదుర్గ వైపు తిరిగి చూశాడు. ఇంట్లో తాళంచెవి ఎక్కడుందని అడిగినట్టు.

"సరే, మేడం గారే చెప్తారు," అని డాక్టరు నవ్వాడు.

ఆమె ఫైలు తిప్పి చూపించింది.

ఉద్యోగం నిలిచింది. బస్వరాజ్ సెక్షనంతా మిఠాయి పంచాడు. ఆ సాయంత్రం ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఆ మొహం చూసింది. ఎడమ కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ ఉంది. గడ్డం కింద, చిన్నప్పుడు నూతిగట్టు మీద పడ్డ మచ్చ ఉంది. ఏదీ తక్కువ లేదు.

"మీరెవరు?" అంది.

ఆయన ఆలోచించాడు. జవాబు చెప్పాలన్న మంచి మనసుతోనే ఆలోచించాడు.

"నువ్వు పిలిచినవాణ్ని," అన్నాడు.

*

మంగళవారం మధ్యాహ్నం బస్వరాజ్‌ను ఆటో తెమ్మంది. మొక్కు తీర్చుకోవాలని చెప్పింది. బయల్దేరే ముందు పై వాటాకు వెళ్లి శోభారాణిని బతిమాలుకుంది.

"ఈ పూటకి మీ ఆయన్ని ఏమండీ అని పిలవకమ్మా. అంకుల్ పడుకున్నారు."

"గిదేంది ఆంటీ," అని శోభారాణి పకపకా నవ్వింది. "మరి పేరు పెట్టి పిలువాల్నా?"

కిందికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి అని అడగలేదు. ఎవరూ పిలవకపోతే ఆయన కదలడని ఆమెకు అప్పటికే తెలుసు.

ఆటో మొగుడంపల్లి దాటేదాకా ఆమె పెదవులు కదుపుతూనే ఉంది. చప్పుడు లేకుండా, అక్షరం తర్వాత అక్షరం. ఆయన కోప్పడటం గుర్తు తెచ్చుకుంది. 'ఏమే, తాళాలు ఎక్కడ పెట్టావే' అని కసురుకోవడం గుర్తు తెచ్చుకుంది. ఆ కసురు కోసం ఏమిచ్చినా ఇవ్వాలనిపించింది.

అనంతమ్మ ఆమె మొహం చూడగానే చేతిలో చాట కింద పెట్టింది.

"పేరు పిలువలే నువ్వు."

కనకదుర్గ తల అడ్డంగా ఊపింది.

"ఎన్నొద్దులాయె?"

"శుక్రవారం కదా... నాలుగు రోజులు."

ముసలామె కొడుకు వైపు చూసి, అవతలికి పొమ్మని సైగ చేసింది. గొంతు తగ్గించింది. "ఆవిర్ల మస్తు మంది ఉంటరు బిడ్డా. ఎవలన్న పిలుస్తరేమోనని కూసుంటరు. ఉత్త పిలుపైతె ఎవలన్న లేస్తరు. పేరైతె ఆ పేరుగలోడే లేస్తడు. సారు ఆడనే ఉంటడు. ఆకలి తెల్వది, నొప్పి తెల్వది. మూడుసార్లు పిలువు. ఇంకో మాట అనకు. అండీ గిండీ అసలే అనకు."

మెట్లు దిగింది. అదే వాసన. ఎండగీత పోవడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. ఆవిరి ఈసారి మొదటి నుంచే చిక్కగా ఉంది. బండ దాటి గుండం అంచుదాకా వెళ్లింది. నీళ్లు కనపడలేదు. కాలి వేళ్లకు వెచ్చగా తగిలితే అదే అంచు అని తెలిసింది. తువ్వాలు రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకుంది.

వెలుగు పోయింది.

కళ్లు మూసుకుంది. ఊపిరి నిండా పీల్చింది.

"మురళీకృష్ణా..."

వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, నోటినిండా, గుట్టలు తగిలేట్టు వచ్చింది. చివరి అక్షరం దానంతటదే సాగింది. గారు లేకుండా ఆ పేరును ఆమె విన్నది ఒకే ఒక్క గొంతులో, అత్తగారి గొంతులో. దాన్ని పలికే తీరు ఆమెకు ఇంకొకటి తెలియదు.

ఎక్కడో ఒక బుడగ పగిలింది.

కుడివైపు నుంచి, నిద్రలోంచి లేచినట్టు:

"అమ్మా?"

ఆయనే. ఏ అనుమానమూ లేదు. బొంగురు గొంతు, మాట చివర ఆ జీర.

"అమ్మ కాదు... నేను. దుర్గని," అంది. ఇంకో మాట అనకు అన్నది అప్పుడు గుర్తు లేదు. "ఇటు రండి."

రండి అన్న మాటకు ఆవిరిలో నాలుగైదు చోట్ల నీళ్లు కదిలాయి. ఎవరెవరో లేవబోయి ఆగిన చప్పుడు. "ఆఁ" అని ఒకరు. ఇంకొకరు. ఆమె పెదవి కొరుక్కుంది. ఉప్పగా తగిలింది.

నీళ్లు మెల్లగా సర్దుకున్నాయి.

"అమ్మా, ఎక్కడున్నావు?" ఆ గొంతులో బెంగ. "కనపడట్లేదు. చెయ్యి లేవట్లేదమ్మా."

ఏమండీ అనకూడదు. రండి అనకూడదు. ఆయన్ని ఇన్నేళ్లూ తాను పిలిచిన మాట ఏదీ ఇక్కడ పనికిరాదు. పనికొచ్చే మాట ఒక్కటే, అది తనది కాదు. అయినా సరే. ఎవరనుకుని వస్తేనేం, వస్తే చాలు.

"మురళీకృష్ణా..."

"వస్తున్నా... వస్తున్నానమ్మా."

నీళ్లలో అడుగు పడింది. ఇంకో అడుగు, కాలు ఈడ్చుకుంటూ. తనవైపే. ఎదుటి ఆవిరిలో ఒక నల్లటి నీడ, ఎత్తు ఆయనంతే, కుడి భుజం కిందికి వేలాడుతూ. నాలుగు అడుగుల దూరం. మూడు. ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆమె తువ్వాలును ఇంకాస్త ముందుకు చాచింది. మూడో పిలుపు కోసం ఊపిరి తీసుకుంది.

"మురళీకృష్ణా..."

పిలిచింది ఆమె కాదు.

పిలుపు ఎడమవైపు నుంచి వచ్చింది. పైనుంచి. కుతకుతలాడే పై బుగ్గ దగ్గరి నుంచి. చివరి అక్షరం సాగదీసి, వీధి చివరి దాకా వినపడేట్టు.

నీడ ఆగింది. మెల్లగా అటు తిరిగింది.

"అక్కడున్నావా," అన్నాడాయన. వెతికిన వస్తువు దొరికినవాడిలా తేలిగ్గా అన్నాడు.

ఆమె అరవబోయింది. ఏమని అరవాలో తెలియలేదు. కాలు ఈడ్చుకుంటూ అడుగులు దూరమవుతున్నాయి. నీళ్లు దాటాయి. రాయి మీదికి ఎక్కాయి. తడికాలు బండ మీద ఒకసారి జారి, మళ్లీ నిలదొక్కుకున్న చప్పుడు. ఆ తర్వాత పై బుగ్గ కుతకుత కొంచెంసేపు పెరిగింది. సందులోంచి జారే ధార ఒక్కసారి లావుగా దూకి, మళ్లీ సన్నబడింది.

కాలి వేళ్ల దగ్గర నీళ్లు వేడెక్కాయి.

"మూడు అయినయి బిడ్డా," పైనుంచి అనంతమ్మ సంతోషంగా కేకేసింది. "మూడు నాకు మంచిగ ఇనవడ్డయి. వస్తున్నడా సారు?"

కనకదుర్గ నోరు తెరుచుకునే ఉంది. మూడో పిలుపు ఇంకా అందులోనే ఉంది.